ఆరో షరతు

పదకొండేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేనే రాసిన వాక్యం. ఒక్క వాక్యానికి అంత బరువుంటుందా అని మీరనవచ్చు. మోసినవాణ్ణి, నాకు తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లెందుకు పడుతుంది? మా ఊళ్లో నాకు మంచి పేరుంది. మున్సిపాలిటీ ఏది కొన్నా, ఎందుకు కొన్నారు, మన చుట్టుపక్కల దొరకనిదా, పరాయివాళ్ల దగ్గర ఎందుకు తెచ్చారు అని అర్జీలు పెట్టేది నేనే. పత్రికకు ఉత్తరాలు రాసేదీ నేనే. ‘పెద్దాయన ఊరుకోడు, జాగ్రత్త’ అని ఆఫీసులో అనుకుంటారట. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.

మాది పామర్రు అవతల చిన్న పట్టణం. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. మధ్యలో కొద్ది రోజులు మాత్రం తాగునీటికని వదులుతారు. ఆ కొద్ది రోజుల్లోనే తూము గుండా మా మంచినీళ్ల చెరువు నిండాలి. నిండకపోతే వానలు పడేదాకా ట్యాంకర్లే గతి. ఆ నీళ్లతోపాటు గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తూముకు అడ్డం పడుతుంది. కూలీలు నడుంలోతు నీళ్లలో దిగి గుంజుతుంటే వెనకాల మళ్లీ పేరుకుంటుంది. అప్పట్లో నేను అక్కడ మున్సిపాలిటీ వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని.

చదివింది ఏడో తరగతి. డిగ్రీలున్నవాళ్ల ముందు తెల్లమొహం వెయ్యకూడదని, విజయవాడలో పాత పుస్తకాల కొట్లు గాలించి ఇంజినీరింగు పుస్తకాలు తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని ముప్పై ఏళ్లు చదివాను. ఆ గుర్రపుడెక్క తియ్యడానికి ఒక యంత్రం బొమ్మ కూడా గీశాను. కొలతలతో సహా. నాలుగుసార్లు తిరగ గీశాను. ‘అక్కడ పెట్టండి, చూద్దాం’ అన్నారు ఆఫీసులో. చూడలేదు.

ఇక నాంచారయ్య. అసలు పేరు వేరు. ఇద్దరం విజయవాడ ఆటోనగర్‌లో ఒకే షెడ్డులో పని నేర్చుకున్నాం. నేను సర్కారు ఉద్యోగానికి వచ్చేశాను. వాడు అక్కడే ఉండి లారీ బాడీలు కట్టే సొంత షెడ్డు పెట్టాడు. నన్ను ‘ఇంజినీరూ’ అని పిలిచేవాడు. ముద్దుకే. ఎగతాళి అని నేననుకునేవాణ్ణి.

ఒక ఎండాకాలం మా ఇంటికొచ్చి తూము దగ్గర కూలీల అవస్థ చూశాడు. మూడు నెలలకు లారీలో ఒక యంత్రం వేసుకుని దిగాడు. పాత గేరుబాక్సు, గొలుసులు, వరసగా ఇనప పళ్లు. ఒడ్డున నిలబెట్టి తిప్పితే, పేలదువ్వెనతో జుట్టు దువ్వినట్టు గుర్రపుడెక్కను దువ్వి ఒడ్డు మీద పోస్తుంది. కాగితం మీద ఒక్క గీత గీయలేదట. షెడ్డు నేలమీద సుద్దముక్కతో గీసుకున్నాడట.

నా బొమ్మ చూసి చేశాడా? లేదు. నా బొమ్మ వాడికి చూపించనే లేదు. వాడు దాన్ని కాజేసి ఉంటే ఎంత బాగుండేది! హాయిగా కోపం తెచ్చుకునేవాణ్ణి. నాకు వచ్చింది కోపం కాదు.

యంత్రాన్ని తూము దగ్గర తిప్పి చూపించిన రోజు ఊరు ఊరంతా వచ్చింది. కమిషనర్ గారు ముచ్చటపడి, “ఏం చదివారండీ మీరు?” అని అడిగారు.

“ఏడండీ. అదీ తప్పానండీ,” అన్నాడు వాడు, పళ్లన్నీ కనబడేలా.

జనం చప్పట్లు కొట్టారు. నాదీ ఏడే. నేను పాసయ్యాను కూడా. ఆ ఏడును నేను పుస్తకాల గుట్ట కింద ఎవరికీ కనబడకుండా దాచుకుంటే, వాడు నలుగురిలో బయటికి తీసి చప్పట్లు కొట్టించుకున్నాడు. నేనూ కొట్టాను. అరచేతులు మండాయి.

నచ్చినంత మాత్రాన కొనడానికి లేదు, టెండరు పిలవాలి. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. షరతులు ఎవరూ కొత్తగా ఆలోచించి రాయరు. మా ఇంజినీరు, ఏఈ గారు, వెనకటి టెండరు కాగితం ఇచ్చి ‘దీన్ని చూసి మార్చండి’ అంటారు. నేను మారుస్తాను. ఆయన సంతకం పెడతారు. పెట్టాక అది ప్రభుత్వం మాట. పైవాళ్లు కిందినుంచి వచ్చిందనుకుంటారు, కిందివాళ్లు పైనుంచి వచ్చిందనుకుంటారు.

ఐదు షరతులు పాతవే ఉంచాను. ఆరోది చేర్చాను. ‘సరఫరాదారు గతంలో కనీసం మూడు మున్సిపాలిటీలకు ఇటువంటి యంత్రములు సరఫరా చేసి ఉండవలెను.’

నాంచారయ్య చేసింది ఒక్కటే యంత్రం. చెయ్యి వణికిందని రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుంది. వణకలేదు. ప్రజల సొమ్ము, అనుభవం ఉన్నవాడైతే మేలు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది పూర్తిగా అబద్ధమైనా బాగుండేది. అందులో కాస్త నిజం ఉండబట్టే ఇన్నేళ్లు దాని చాటున దాక్కోగలిగాను.

టెండరు కాగితం పట్టుకుని వాడు మా అరుగు మీదికి వచ్చాడు.

“ఒరేయ్ ఇంజినీరూ, ఈ ఆరోది ఎవడు పెట్టాడ్రా?”

“పైనుంచి వచ్చింది.”

“మూడు ఊళ్లు కొంటేగానీ నాలుగో ఊరు కొనదంటే, మొదటి ఊరు ఎక్కణ్ణించొస్తదిరా? పెళ్లయినోడికే పిల్లనిస్తా అన్నాడంట వెనకటికెవడో!”

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

“పోన్లేరా. నువ్వు లోపలుండి కూడా ఆపలేకపోయావంటే ఇంకెవడి వల్లా కాదు.”

అప్పుడు చెప్పవలసింది. గడప దాటేలోగా చెప్పవలసింది. వాడి చెప్పుల చప్పుడు సందు మలుపు దాకా విన్నాను.

వేరే రాష్ట్రం కంపెనీ యంత్రం వచ్చింది. నీలం రంగుది, పడవలా తేలేది, పెద్ద పెద్ద చెరువుల కోసం చేసింది. మా తూము గోడల మధ్య పట్టలేదు. ఆ గోడల మధ్య ఎడం ఎంతో షరతుల్లో ఎక్కడా లేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను నేను. మరి ఎందుకు రాయలేదు? మర్చిపోయానా, మానేశానా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. ఒక మనిషిని ఆపడం మీదే మనసంతా పెట్టినవాడికి ఊరికేం కావాలో గుర్తుంటుందా?

ఆ ఏడు చెరువు సగమే నిండింది. ట్యాంకర్ల వెంట బిందెలు పట్టుకుని ఆడవాళ్లు పరుగెత్తారు. అప్పటికి నేను రిటైరయ్యాను. ‘మన తూము వెడల్పు తెలియనివాళ్లా మనకు యంత్రాలు కొనేది?’ అని పత్రికకు రాశాను. అచ్చయింది. దారిలో ఆపి చేతులు కలిపారు జనం. నాంచారయ్య ఫోను చేసి “భలే ఉతికావురా!” అన్నాడు. అలా మొదలైంది నా పేరు.

రెండేళ్లు నాంచారయ్య చేసిన యంత్రం వాడి షెడ్డులో ఒక లారీ పట్టే చోటు ఆక్రమించుకుని పడి ఉంది. చివరికి, “రేపు కోసేస్తన్నా, నువ్వు రావాలి. దాని విలువ తెలిసినోడివి నువ్వొక్కడివే,” అన్నాడు. వెళ్లాను. పనివాళ్లను ముట్టుకోనివ్వలేదు. గ్యాస్ కట్టరు తానే పట్టుకుని కోశాడు. గొలుసు జారి కాళ్ల మీద పడకుండా ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఒక ఇనప పన్ను గుర్తుగా ఇచ్చాడు. ఆ తర్వాత వాడు లారీ బాడీలు తప్ప కొత్తది ఏదీ చెయ్యలేదు. నేలమీద సుద్దగీత మళ్లీ కనబడలేదు. ఎందుకు తెలుసంటే, వెళ్లినప్పుడల్లా ముందు నేల వంకే చూస్తాను.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి.

మొన్న మున్సిపాలిటీకి కొత్తగా వచ్చిన ఏఈ, పాతికేళ్లు దాటని అమ్మాయి, మా ఇంటికి వచ్చింది. పార్కులో బల్లలు కొనాలట. “మీరు తర్వాత అర్జీ పెట్టే బదులు ముందే చూసి పెట్టండి తాతగారూ,” అంది, నవ్వుతూ. కాగితాలు చేతిలోకి తీసుకున్నాను. మీకొక మాట ఒప్పుకోవాలి. ఇన్ని అర్జీలు పెట్టానా, షరతుల పేజీ మాత్రం ఎన్నడూ తెరవలేదు. ఆ రోజు తెరిచాను.

ఆరో షరతు ఉంది. అక్షరం పొల్లు పోకుండా ఉంది. ‘యంత్రములు’ అన్నచోట ‘బల్లలు’ అని మార్చారు, అంతే. వీధిదీపాలకూ, చెత్తబళ్లకూ కూడా ఇదే నడుస్తోందంది. పాత కాగితం చూసి మార్చుకుంటూ, మార్చుకుంటూ పదకొండేళ్లు. ఎన్ని షెడ్లలో ఎన్ని సుద్దగీతలు చెరిగిపోయాయో! అవి చెరుగుతున్నాయనే కదా నేను ఊరంతా తిరిగి అరిచింది?

పెన్సిలు తీసి దాని మీద అడ్డంగా గీత కొట్టాను. ఆ అమ్మాయి కంగారుపడింది.

“అయ్యో, అది తియ్యకూడదండీ. పైనుంచి వచ్చింది.”

పెన్సిలు కింద పెట్టేశాను. ఆమె రబ్బరుతో నా గీతను మెల్లగా చెరిపేసి, కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది.

ఇది పూర్తి చేశాక తీసుకెళ్లి ఆ అమ్మాయికి ఇస్తానా, నాంచారయ్యకు చదివి వినిపిస్తానా, చెప్పలేను. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు ఆ ఎండలో బిందె పట్టుకుని నిలబడినవారు కాదు. ఆ అరుగు మీద అనలేనిది, మొన్న అనలేనిది, ఒక్కసారి నా చేత్తో రాసుకోనివ్వండి, చాలు.

అది పైనుంచి రాలేదు. నేను రాశాను.