ఆర్డిత్ గ్రిండిల్ చిక్కుడు కుండ

ఆర్డిత్ గ్రిండిల్ పిసినారితనం కొద్దీ కుండలో కొవ్వు ముక్క మానేసిందని పొరుగింటి వెర్నా చెప్పింది. పట్నపు పిచ్చి పట్టిందని మా ఊరి హార్లన్ తేల్చాడు. ఆమె పోయాక, ఏదో అద్భుతమైన గింజ కనిపెట్టి మొగుణ్ణి బతికించుకుందన్నారు మరికొందరు. మూడూ తప్పే. రైతు సంఘం వాళ్ల గ్రేంజ్ హాలులో ముప్పై ఏళ్లు గిన్నెలు కడిగినవాణ్ణి కనుక చూసింది చెబుతాను.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మా ఊరి వాళ్లకు శనివారం సాయంత్రం ఆ హాలులోనే భోజనం. ఇంటికొక కుండ వస్తుంది: నల్లని చెరకు పాకంలో పొద్దుటి నుంచి ఉడికిన చిక్కుడు గింజలు, పైన ఉప్పులో ఊరిన పంది కొవ్వు ముక్క. మూత తీయగానే అందరి చూపూ ఆ ముక్క మీదే. అది లేని కుండను వండినామె నిండుగానే ఇంటికి మోసుకుపోవలసి వస్తుంది.

ఆర్డిత్ భర్త మెర్ల్‌కు రక్తపోటు హెచ్చి, ఒకసారి నాలుగు రోజులు మాట పడిపోయింది. ఉప్పు బాగా తగ్గించమన్నాడు వైద్యుడు.

"నాకొక్కడికీ వేరే గిన్నె పెట్టి, రోగిష్టోడిలా మూల కూచోబెడతావా? అంతకంటే ఇంట్లోనే పడుంటా," అన్నాడు మెర్ల్. నలభై ఏళ్లలో ఒక్క శనివారం తప్పనివాడు.

ఉప్పు ఎక్కువని, డబ్బాల్లో అమ్మే ఉడికిన గింజలు ఆమె అప్పటికే మానేసింది. ఎండు గింజలు నాలుగు రకాలు తెచ్చి, వారానికొకటి చొప్పున కొవ్వు ముక్క లేకుండా ఉల్లిపాయ, ఆవపొడి, కొద్దిపాటి పాకంతో వండింది. చిన్న తెల్ల గింజలు గడ్డిలా ఉన్నాయన్నాడతను. మరో రెండు రకాలు సగం తిని వదిలేశాడు. జేకబ్స్ కాటిల్ అనే ఎర్రమచ్చల గింజలు వండిన రోజు మాత్రం, రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆ తర్వాతి శనివారం హాలులో ఆ గింజల కుండ మూత ఎత్తింది వెర్నా.

"ఏమే ఆర్డిత్, ముక్క పిల్లి ఎత్తుకుపోయిందా?"

"వెయ్యలేదు."

"వెయ్యకపోతే ఎవరు తింటారే?"

"మా ఆయన."

హార్లన్ అందుకున్నాడు. "ఏరా మెర్లూ, మీ ఆవిడ పందులతో రాజీ పడిందా?"

అందరూ నవ్వారు. పళ్లెం పట్టుకుని మెర్ల్ వెర్నా కుండ ముందు ఆగాడు. ఆర్డిత్ పిలవలేదు, గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి అతనే వచ్చి పళ్లెం చాపాడు.

"పెట్టవే, నిండా పెట్టు. ఈ హార్లన్ తిండిపోతు, నేను మళ్లీ వస్తే మిగలవు," అన్నాడు.

"నాకూ ఒక గరిటె వెయ్యమ్మా," అన్నాడు హార్లన్. "తినకుండా తిడితే అన్యాయం." తిన్నాడు. "ఉప్పు తక్కువ," అని సణుగుతూనే మళ్లీ పళ్లెం పట్టుకొచ్చాడు.

ఆ రోజు కుండ సగమే ఖాళీ అయింది. తర్వాత కూడా ఎన్నడూ మిగతా కుండల కంటే ముందు ఖాళీ కాలేదు.

గింజలన్నీ దాదాపు ఒకే మేలు చేస్తాయి. తేడా ఎక్కువగా మనం వాటితో కలిపేవాటిలోనే ఉంది. మెర్ల్ మందులు కూడా మానలేదు కాబట్టి, అతని ఆయుష్షు దేనివల్ల పెరిగిందో నేను చెప్పలేను. ఆర్డిత్ చేసింది ఇంతే: ఉప్పు తగ్గినా భర్త ఇష్టంగా తినే గింజను ఓపికగా వెతికి, పదకొండేళ్లు అతనికి నలుగురి మధ్యనే భోజనం పెట్టింది.