నాలుగు దేశాలకు నేనిచ్చిన జామీను

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పదిమంది చుట్టాలొస్తున్నారని నేనంటే వంటింట్లో ముగ్గురికి సరిపడా బియ్యం కడుగుతారు, అవి కూడా ఒక్కోసారి మిగిలిపోతాయి. కాబట్టి మీరూ ఈ కథలో మీకు తోచినంత తరుగు తీసేసుకుని చదువుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, ఇంటింటికీ షేర్ల పిచ్చి పట్టి, పాలవాడు కూడా నీళ్ళు కలపడం మానేసి బొంబాయి ధరలు అడుగుతున్న రోజుల్లో (చూశారా, మొదలెట్టాను. పాలవాడు నీళ్ళు కలపడం ఎప్పుడూ మానలేదు), ఇరవై మూడేళ్ళ నేను రాయపూర్ సదర్ బజార్‌లో ఒక సేఠ్ దగ్గర గుమాస్తాగా చేరాను. ఆయన షేర్ల దరఖాస్తు ఫారాలు, డిపాజిట్ల ఫారాలు అమ్మేవాడు. ఆఫీసు ఎంత ఇరుకంటే, సేఠ్‌కి తుమ్మొస్తే నేను లేచి రోడ్డు మీదికి వెళ్ళి, ఆయన తుమ్మాక లోపలికి రావాల్సి వచ్చేది.

ఈ సేఠ్‌కి సింగపూర్‌లో మసాలా దినుసుల వ్యాపారం చేసే బావమరిది ఒకడుండేవాడు. ఆయన ఏ ఉత్సాహంలో కొన్నాడో గానీ, ఒక ఫండు తాలూకు కాగితాలు కొని, తన దగ్గర ఉంచుకోలేక, కొన్ని బావగారి మెడకు చుట్టాడు. ఆ ఫండు పని ఏమిటంటే, జనం దగ్గర డబ్బు పోగుచేసి, ఇంకా నిలదొక్కుకుంటున్న దేశాల ప్రభుత్వాలకు అప్పివ్వడం. ఏడేళ్ళపాటు దానికి మూత బిగించేస్తారు. మధ్యలో కొత్తగా వెయ్యడానికి లేదు, వేసింది తియ్యడానికి లేదు. అవసరం పడితే నీ కాగితాన్ని ఇంకొకడికి అమ్ముకోవాలి, వాడు ఎంతిస్తే అంత. ఈ చివరి ముక్క సేఠ్ నాకు చెప్పాడు. చెప్పలేదని అనను. కానీ సరిగ్గా అప్పుడే సమోసాలు వచ్చాయి. "ఇస్ మహీనే ఏక్ భీ నహీ బికా తో దుకాన్ మత్ ఆనా" అని, అంటే ఈ నెలలో ఒక్కటైనా అమ్మకపోతే కొట్టు గడప తొక్కవద్దని, ఆయన చట్నీ నాకుతూ చెప్పిన మాట మాత్రం నా చెవిలో స్పష్టంగా పడింది.

మాది రైల్వే క్వార్టర్లు. తాతల కాలంలో శ్రీకాకుళంలో రైలెక్కి, దిగడం మర్చిపోయి రాయపూర్ దాకా వచ్చేసినట్టుండే కుటుంబాలు. ఆ క్వార్టర్లన్నిటికీ రిజర్వు బ్యాంకు లాంటిది మా చీటీల పెద్దమ్మ. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు, కాలనీ మొత్తానికి పెద్దమ్మే. ఇరవై ఏళ్ళుగా చీటీలు నడిపినా ఒక్క రూపాయి ఎగవేత ఎరగదు. దానికి కారణం ఆవిడ పెట్టిన రూలు: చీటీ పాడుకున్నవాడు స్టేషన్ మాస్టరైనా సరే, నెలజీతం ఉన్నవాళ్ళ చేత జామీను సంతకాలు పెట్టించాల్సిందే. ఆ చీటీల్లో మిగిలిన చిల్లరంతా ఆరేళ్ళుగా కూడబెట్టి ఆవిడ ఒక నిధి తయారుచేసింది. దాని పేరు గిన్నెల డబ్బు.

గిన్నెల సంగతి చెప్పాలి. ఏటా శ్రీరామనవమికి కాలనీ అంతటికీ భోజనాలు. వంటపాత్రలు టెంట్‌హౌస్ నుంచి అద్దెకు వచ్చేవి. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ టెంట్‌హౌస్ ఆసామి ప్రతి డేగిసానూ ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు రోగి వీపు తట్టినట్టు తట్టి, చెవి ఆనించి విని, "దీదీ, ఏ తో పిచక్ గే హే" అని, నొక్కు పడిందంటూ అద్దెకు రెట్టింపు లాగేవాడు. పోయినేడు పెద్దమ్మకు ఒళ్ళు మండి, నలుగురిలో, "అగలే సాల్ తుమ్హారా బర్తన్ నహీ లేగా! మత్లబ్, నహీ లేగా!" అని, వచ్చే ఏడు నీ గిన్నె ముట్టేది లేదని తేల్చేసింది. కాలనీకి సొంత గిన్నెలు, వచ్చే నవమికల్లా. ఆవిడ పరువంతా ఆ మాట మీద నిలబడి ఉంది. డబ్బు మాత్రం అతి పెద్ద గంగాళానికి కాస్త తక్కువ పడుతోంది. ఆ కాస్తా నేను పెంచి పెడతానని వెళ్ళాను. నాకు పెంచడం ఒక్కటే కదా వచ్చు.

"ఎవుల్రా అప్పు తీసుకునేది?" అంది పెద్దమ్మ. దేశాలన్నాను. "మనిషిని సూడకుండా అప్పెలాగిస్తామురా?" అంది. స్కూలు అట్లాసు తెచ్చి నాలుగు దేశాలు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు ఒక్కొక్కదాన్నీ పరీక్షించింది. మొదటిదాని మీద వేలు పెట్టి, "ఇది సముద్రం పక్కనుంది. ఓడెక్కి ఎలిపోతే ఎవులు పట్టుకుంటారు?" అంది. ఇంకోటి చూసి మొహం విప్పారింది. "ఇదిగో, ఇది బాగుంది. సుట్టూ భూమే. ఎటు పోతాడు?"

"సరే, ఈళ్ళేటి సేస్తారు?"

"ఒకరు కాఫీ పండిస్తారు పెద్దమ్మా. ఒకరు రాగి తవ్వుతారు."

"అయితే నెలజీతం నేదన్నమాట."

"జీతమేమిటి పెద్దమ్మా, వాళ్ళే గవర్నమెంటు!"

ఆవిడ అట్లాసు మూసేసింది. "గవర్నమెంటోడే మనకాడికి అప్పుకొస్తే, మరి ఆడి నౌకర్లకి జీతాలెలాగిస్తన్నాడ్రా? పోనీ డీఏ అయినా ఇస్తన్నాడా?" (తర్వాతి రోజుల్లో నేను కళ్ళజోళ్ళ ఆర్థికవేత్తలు రాసిన లావుపాటి వ్యాసాలు చదివాను. ఇంత సూటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.) చివరికి ఆవిడ ఒక మెట్టు దిగింది. "సరే, రూలు రూలే. నాలుగు దేశాలకీ జామీను ఎవులు?"

నెలాఖరు ఇంకా రెండు రోజులుంది. సేఠ్ గడప కళ్ళ ముందు కదిలింది. "నేనే" అన్నాను.

అలా, రెవెన్యూ స్టాంపు అంటించిన తెల్ల కాగితం మీద, "పై నాలుగు దేశముల ప్రభుత్వములు తీసుకొనిన సొమ్ము సక్రమముగా చెల్లించని యెడల, నా జీతము నుండి చెల్లించగలవాడను" అని రాసి సంతకం పెట్టాను. నా జీతం ఎంతంటే, అందులోంచి నాలుగు దేశాల అప్పు తీర్చాలంటే నేను విశ్వామిత్రుడి కాలంలోనే ఉద్యోగంలో చేరి ఉండాలి. రెండో సంతకానికి మా మావయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన గూడ్స్ గార్డు, రేపోమాపో రిటైరవుతాడు. "ఈళ్ళు ఏ డివిజనోళ్ళురా?" అన్నాడు. డివిజన్ కాదు, దేశాలన్నాను. "ట్రాన్స్‌ఫర్లు ఉండవు కదా?" ఉండవన్నాను. "అయితే ఫర్వానేదు" అని సంతకం పెట్టేశాడు. గిన్నెల డబ్బు సేఠ్ గల్లాపెట్టెకి చేరింది, నా ఉద్యోగం నిలిచింది.

మూడు నెలలు మహారాజులా గడిచాయి. తర్వాత కాఫీ దేశంలో ఏదో గడబిడ అయింది. విశాఖ నుంచి తెలుగు పేపరు మాకు ఒక రోజు ఆలస్యంగా వచ్చేది కాబట్టి, వాళ్ళు నిన్న మునిగితే మేం ఇవాళ గుండెలు బాదుకునేవాళ్ళం. మావయ్య, అంతవరకూ పేపర్లో పండగ బోనస్ వార్త తప్ప చదవనివాడు, విదేశీ పేజీ బట్టీ పట్టడం మొదలెట్టాడు. ఒకరోజు ప్లాట్‌ఫారం మీద ఎర్రజెండా చంకలో పెట్టుకునే నన్ను పట్టుకున్నాడు. "ఒరే, మన కాఫీవోడి ఆర్థికమంత్రి రాజీనామా ఇచ్చేసినాడటరా! ఛార్జీలో ఎవుడున్నాడు?" నాకేం తెలుసు? దారిన పోయేవాళ్ళు కూడా, "ఏరా, నీ రాగివోడు కులాసాయేనా?" అని అడిగి పోయేవారు. నాలుగు దేశాలూ నాకు అత్తవారైనట్టు తయారైంది పరిస్థితి.

నవమి నెలరోజుల్లోకి వచ్చింది. గిన్నెల డబ్బు తెమ్మంది పెద్దమ్మ. సేఠ్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వి, "అరే భాయి, బంద్ డబ్బా హై. సాత్ సాల్ బాద్ ఖులేగా" అన్నాడు. ఏడేళ్ళ తర్వాతే మూత తీస్తారట. ఇప్పుడే కావాలంటే కొనేవాడున్నాడు, నూరుకి అరవై అయిదు ఇస్తాడన్నాడు. ఆ పూట సమోసాలు కూడా రాలేదు.

పెద్దమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. వాయిదా ఆలస్యం చేసినవాడి జామీనుదారు ఇంటికెళ్ళి కూర్చోవడం ఆవిడ పద్ధతి. రోజూ నాలుగింటికి మా ఇంటికి వచ్చేది. అమ్మ ఆరోగ్యం అడిగేది, నా ఆరోగ్యం అడిగేది, చివరగా నాలుగు దేశాల ఆరోగ్యం అడిగేది, టీ తాగి వెళ్ళిపోయేది. వారం తిరక్కుండా అమ్మ డబ్బా బోర్లించి చూపించింది. "ఒరే, నీ దేశాలు అప్పు కట్టేలోగా మనింట్లో పంచదార దివాలా తీసేస్తది."

చీటీపాట ఆదివారం వచ్చింది. పెద్దమ్మ వసారాలో కాలనీ అంతా పోగయింది (మూడు వందల మంది అని రాయబోయి ఆగాను, ముప్పై మంది). పెద్దమ్మ లేచి, జనానికి నా నిర్వాకం వివరించింది. "లోపల సరుకు నూరు రూపాయలదే. బయట అరవై అయిదంటన్నారు. ఎందుకూ? మూత తీసేదాకా ఆగలేనోడు, అవసరానికి కోత పెట్టుకుని ముందే పట్టుకుపోతాడు. ఇది మన చీటీపాటే కదేటి! దీనికి సింగపూరెందుకు?" సేఠ్ దగ్గర ఇన్ని నెలలు పనిచేసినా నాకు బోధపడని ఆ ఫండు రహస్యం అప్పుడు, ఆ చాప మీద, ఠక్కున బోధపడింది. "ఇప్పుడమ్మితే గంగాళం రాదు, రెండు డేగిసాలు రావు. మళ్ళీ టెంటోడి గడపకే ఎళ్ళాలి" అని ఆవిడ కూర్చుంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "ఈ నెల చీటీ నేను పాడుతున్నాను. ఎంత కోతైనా సరే. వచ్చిన డబ్బు గిన్నెలకి. దేశాల కాగితాలు నావి. వాయిదాలు నెలనెలా నేను కడతాను" అన్నాను, గుండె మీద చెయ్యి వేసుకుని. అవతల షంటింగ్ చేస్తున్న ఇంజను కూడా ఆగి విన్నదని అంటాను, మీరు తరుగు తీసుకోండి.

"మరి దీనికి జామీను?" అన్నారెవరో. రూలు రూలే. అందరూ మావయ్య వైపు చూశారు. మావయ్య రెండు చేతులూ ఎత్తేశాడు. "నా మీద ఇప్పటికే నాలుగు దేశాలున్నాయండి. మేనల్లుణ్ణి కూడా నాను మొయ్యలేను." చివరికి పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని, కలం తీసుకుని, నా పేరు కింద తనే సంతకం పెట్టింది. చీటీ నడిపేవాళ్ళు జామీను పెట్టకూడదన్న రూలు కూడా ఆవిడదే. ఇరవై ఏళ్ళలో ఆవిడ రూలు తప్పింది ఆ ఒక్కసారే.

గిన్నెలు గోల్ బజార్ నుంచి రిక్షాలో ఊరేగి వచ్చాయి. మావాళ్ళు వాటికి దేశాల పేర్లు పెట్టేశారు. నవమి నాడు వంటపాక నుంచి కేకలు: "రాగి దేశంలో పులిహోర కలపండర్రా!" "కాఫీ దేశం అడుగంటిపోతంది, సెగ తగ్గించండి!" "సముద్రం పక్కన దేశానికి మూతేదీ?" భోజనానికి వచ్చిన టెంట్‌హౌస్ ఆసామి అలవాటు కొద్దీ గంగాళాన్ని తట్టి, చెవి ఆనించి, నొక్కేదీ దొరక్క వెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు. పెద్దమ్మ స్వయంగా వెళ్ళి ఆయన ఆకులో రెండోసారి పులిహోర వడ్డించింది. ఒక మనిషిని అంతకు మించి అవమానించడం ఆవిడ ఎరగదు.

వాయిదాలు కట్టేసరికి నాకు మీసాలు ముదిరాయి. ఏడేళ్ళకు ఫండు మూత తీశారు. నాలుగు దేశాలూ, కాఫీ దేశంతో సహా, వడ్డీతో కట్టేశాయి. పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు. "కట్టకేం సేత్తారురా? జామీను గట్టిది."

ఇక నేను కల్పించిన ముక్క. కాగితం నిజం, సంతకాలు నిజం, దేశాల పేర్లు పెట్టుకున్న గిన్నెలు నిజం. ఆ ఆదివారం లేచి నిలబడింది మాత్రం నేను కాదు. నేను తలుపు వెనక, విడిచిన చెప్పుల మధ్య, నా జత కోసం వెతుక్కుంటున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. లేచింది మా అమ్మ. "మావోడు పాడతాడండి, రాసుకోండి. నెలనెలా కడతాడు" అంది. ఎంత కోతో కూడా అడగలేదు. తర్వాత ఈ కథ చెప్పిన ప్రతిసారీ నేను అమ్మను మెల్లగా చాప మీద కూర్చోబెట్టి, ఆవిడ చోట నేను లేస్తూ వచ్చాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ నా ఎదురుగానే కూర్చుని వినేది. ఆ చోటు రాగానే కొంగు సర్దుకుని, వచ్చినవాళ్ళకేసి తిరిగి, "అవునండి, ఆ రోజు బాగా మాటాడినాడు" అనేది.