తద్దినం పిండిలో ఐసు

వైశాఖ బహుళ తదియ, బుధవారం. ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు గ్రైండర్ స్విచ్ వేశాను. ఆ రోజు మా ఆయన తద్దినం. పద్నాలుగేళ్లుగా ఆ వంట నేనే చేస్తున్నాను, ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. గారెల కోసం నాలుగింటికే కిలోంబావు మినపపప్పు నానబోశాను.

ఎండాకాలం నర్సీపట్నంలో రాయి వేడెక్కి పిండి జారైపోతుంది, గారెలు నూనె తాగేస్తాయి. అందుకని నేను నీళ్లు పోయను. చితక్కొట్టిన ఐసు వేస్తాను, కిలో పప్పుకు ఆరు గుప్పెళ్లు. పంచదార పలుకంత సన్నగా ఉండాలి. ఫ్రిజ్ పాడై మూడు రోజులైంది. చెరుకు రసం బండి దగ్గర రెండు కిలోల గడ్డ కొన్నాను. పెరట్లో తీగ మీద ఆరేసిన గోనెసంచిలో దాన్ని చుట్టి, రోకలితో కొట్టాను. ఎనిమిదో దెబ్బకే భుజం లాగేసింది.

పిండి సగం నలిగాక పక్కవాటాలో ఉండే నా తోటికోడలు వచ్చింది. గ్రైండర్ మీదికి వంగి ముఖం తిప్పుకుంది.

"అక్కా, ఐసు ఏ గోనెలో కొట్టేవు?"

"తీగ మీదది. ఉతికిందే కదా."

"ఉతికేననుకో. ఆదివారం సేపలు అందులోనే తెచ్చేను. నీకు వాసన తెలవట్లేదేటి?"

తెలియలేదు. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం తర్వాత నాకు ఏ వాసనా తెలియడం లేదు. చెబితే ఈ వంట తీసేసుకుంటారని దాచాను.

"పోన్లే, నూనెలో ఏగితే ఏటుంటాది? బావగారికి సేపలంటే పేనం. సంతోషిస్తారు" అని నవ్వింది.

నాకు నవ్వే ఓపిక లేదు. "బతికుండగా తిన్నారు. ఇవాళ నీచు పనికిరాదు" అన్నాను.

"మళ్లీ పప్పు నానేసరికి రెండవుద్ది. బోయినాలకి పన్నెండుకే వచ్చేస్తారు మరి."

పిండంతా తీసి పెరట్లో గోతిలో పోసి మన్ను కప్పాను. విస్తళ్లలో గారెలు లేకుండానే వడ్డించాం.

అంట్లు తోముతూ తోటికోడలు నెమ్మదిగా అంది. "ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు."

"సెప్పొచ్చు కదక్కా. వచ్చే సంవత్సరం నుంచి నాను వండుతాను. నువ్వు పక్కన కూకుని ఎంతెంత ఎయ్యాలో సెప్పు."

కాదనడానికి ఓపిక లేకపోయింది. సరేనన్నాను.

ఆ రోజు పోయినవి: మినపపప్పు కిలోంబావు. ఐసు రెండు కిలోలు. గారెలు అరవై. తద్దినం వంట.