ముందు చక్రం బ్రేకు

ఆత్మలు, పూనకాలు అని ఎవరైనా మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా అక్క వాళ్లది నౌపడ. బావ లారీ మెకానిక్. క్రైస్తవ మిషన్ బంగళా షెడ్డులో తుప్పు పట్టి పడున్న పాత బ్రిటిష్ మోటారుసైకిల్‌ను కొనుక్కొచ్చాడు. ఏళ్ల తరబడి ఒక్కో భాగం వెతికి తెచ్చి దానికి ప్రాణం పోశాడు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే బండి. నాకు తప్ప ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

హుద్‌హుద్ తుఫాను తర్వాతి ఏడాది బావకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. నెలలు గడిచినా ఒక మూలుగు తప్ప ఏమీ వచ్చేది కాదు. వైద్యం ఆగకూడదంటే బండి అమ్మక తప్పదని అక్క అంది. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కొత్తవలసలో మా ఇంటికి తెచ్చి అమ్మకానికి పెట్టాను. ఆ మాట బావకు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

ఒక ఆదివారం ఉదయం విజయనగరం నుంచి ఒక లెక్చరర్ గారు, ఆయన భార్య వచ్చారు. ఇలాంటి బండి ఆయన తండ్రి నడిపేవారట. వీధి చివరిదాకా వెళ్లొచ్చి, బాగుంది, నడుపుకుంటూనే ఇంటికెళ్తామన్నారు. ఆవిడ వెనక కూర్చున్నారు. ఆయన క్లచ్ పట్టుకున్నారు.

అప్పుడు నా వెనక బావ గొంతు వినిపించింది.

"ఒరే, ముందు సక్రం బ్రేకు సూడరా."

తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. ఇంజను మోతలో కూడా స్పష్టంగా విన్నాను. వాళ్లిద్దరికీ వినపడలేదు. "ఒక్కసారి దిగండి సార్" అన్నాను.

బ్రేకు కేబుల్ కింది చివర తొడుగు జరిపి చూస్తే, తీగలన్నీ తెగి ఒకే పోగు మిగిలుంది. గట్టిగా లాగితే అదీ తెగింది.

చేతులు తుడుచుకుంటుంటే అక్క ఫోను. ఏడుస్తోంది.

"మీ బావ మాటాడినాడ్రా."

"ఏటన్నాడు?"

"ముందు సక్రం బ్రేకు సూడమన్నాడు. నిద్దట్లో కాదురా, కళ్లు తెరిసే ఉన్నాడు. ఎవులితో అన్నాడో తెల్దు."

ఎప్పుడని అడిగితే, ఇప్పుడే, పది నిమిషాలు కాలేదంది.

కొత్త కేబుల్ వేశాక లెక్చరర్ గారే బండి తీసుకున్నారు. బావకు వచ్చిన మాట మళ్లీ పోలేదు. ముందు ముక్కలు ముక్కలుగా, తర్వాత అక్కని పేరుపెట్టి పిలవడం, వానలు మొదలయ్యేసరికి నన్ను తిట్టడం. బండి అమ్మేశామని అప్పుడు చెప్పాం.

"నడుపుతన్నాడా, షెడ్లో పెట్టీసినాడా?" అని అడిగాడు.

నడుపుతున్నాడన్నాను. తలూపాడు.

కేబుల్ పాతబడిందని బావకు ముందే తెలిసి ఉండొచ్చు. అదే మనసులో పెట్టుకుని ఉండొచ్చు. కానీ నౌపడలో అన్న మాట కొత్తవలసలో నాకెలా వినపడింది? ఒకసారి బావనే అడిగాను.

"నాకేటీ గురుతు లేదురా," అన్నాడు. "అయినా నువ్వు సూసినావు గదా."