బొట్టు పెట్టి పిలిచిన మీటింగు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద, ప్లాట్లు అమ్మే కంపెనీలో నేను పౌరసంబంధాల అసిస్టెంటుని. ఎనభైల్లో ఎల్బీ నగర్ వైపు ఎటు చూసినా సున్నపు గీతలూ హద్దురాళ్లే. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. సాయంత్రాలు డిప్లొమా క్లాసులకి వెళ్లేదాన్ని.

క్లాసులో మా మాస్టారు పౌరసంబంధాల సిద్ధాంతాలని దేశాలవారీగా బోర్డు మీద రాసేవారు. అమెరికా వాళ్ల లెక్కలో సంస్థ తన మాట చెప్పాలి, జనం మాట వినాలి, ఇద్దరూ కాస్త సర్దుకోవాలి. యూరప్‌లో కొందరు అంతటితో ఆగరు. సంస్థ చేసే పని అసలు సమాజానికి సమ్మతమేనా అని అడుగుతారు. "మరి మనదేంటండీ?" అన్నాను. "మనది ఇంకా ఎవరూ రాయలేదమ్మా" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఏం, మన దగ్గర మనుషులు మాట్లాడుకోరా?

కర్మన్‌ఘాట్ దాటాక ఒక పాత ఊరుంది. మా లేఅవుట్‌కి లారీలు పోవాలంటే ఆ ఊరి వీధి వెడల్పు చెయ్యాలి, అంటే ఇళ్ల ముందు అరుగులు కొట్టెయ్యాలి. "వాళ్లని ఒప్పించు, నీ ఉద్యోగం పర్మినెంటు. లేదంటే వేరే చోటు చూసుకో" అన్నాడు మేనేజరు. ఇంటికి నా జీతమే ఆధారం.

పుస్తకంలో చెప్పినట్టే చేశాను. "మీ అభిప్రాయం చెప్పండి" అని కరపత్రాలు అచ్చువేయించి ఇంటింటికీ పంచిపెట్టించాను. ఆదివారం బడి వరండాలో నేనూ, అద్దె కుర్చీలూ మిగిలాం.

ఏడుపొక్కటే తక్కువ. వీధి మొదట్లో ఇంట్లో ఒక పెద్దావిడ చింతపండు గింజలు తీస్తోంది. ఒక్కరూ రాలేదేంటి మామ్మగారూ అని అడిగాను.

"కాయితం పారేసి పోతే ఎవలొస్తరు బిడ్డా? చిన్న పేరంటానికైనా గడప తొక్కి పిలుస్తం. మాకు గంత ఇజ్జత్ లేదా?"

ఉద్యోగం సంగతి చెప్పేశాను. చెబుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు. ఆవిడ చేతులు దులుపుకుని లోపల్నుంచి కుంకుమ భరిణె తెచ్చింది. "పా, నేనొస్త."

ఆ సాయంత్రం ఇంటింటికీ తిరిగాం. నేను ఆడవాళ్లకి బొట్టు పెట్టేదాన్ని. "మన పిల్లనే, జర ఒచ్చి రెండు మాటలు ఇని పోండ్రి" అని ఆవిడ చెప్పేది. ఆ రాత్రే నోట్‌బుక్కులో గొప్పగా రాసుకున్నాను: మన సిద్ధాంతం దొరికింది, ఇక్కడ సంస్థని ఎవరూ నమ్మరు, పిలిచిన మనిషిని నమ్ముతారు.

మళ్లీ ఆదివారం ఊరు ఊరంతా వచ్చింది. అరుగులు ఇచ్చేది లేదని, లారీలు రావద్దని ముఖం మీదే చెప్పారు. అంతా రాసుకున్నాను. చివర్లో, క్లాసులో నేర్పినట్టు, హాజరుకి సంతకాలు పెట్టమని ఒక తెల్ల కాగితం తిప్పాను. కొందరు వెనకాడారు. "ఏయుండ్రి, ఏం గాదు" అని ముందు తన వేలిముద్ర వేసింది పెద్దావిడ.

ఊరు ఒప్పుకోలేదని రిపోర్టు ఇచ్చాను. మేనేజరు దాన్ని పక్కనపెట్టి సంతకాల కాగితం తీసుకున్నాడు. పైన మిగిలిన ఖాళీలో "వీధి వెడల్పుకు మా సమ్మతి" అని టైపు చేయించాడు.

"సార్, అది హాజరండీ..."

"నీ పర్మినెంటు ఆర్డరు కూడా టైపవుతోంది" అన్నాడు.

నోరు మూసుకున్నాను. ఇందులో అమెరికా తప్పూ లేదు, యూరప్ తప్పూ లేదు. నాకు భయం వేసింది, అంతే. ఇన్నేళ్లయినా ఆ నిమిషం తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అరుగులు కొట్టేశారు. ఆ వీధి మొహం చూడ్డానికి నాకు నెల పట్టింది. పెద్దావిడ గుమ్మంలోనే కూచుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నౌకరి పక్కా అయిందా బిడ్డా?"

అయిందన్నాను.

"మంచిగైంది" అంది. వెటకారం కాదు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది. "మొన్న ఎదురింట్ల పెండ్లాయె. ఊరందరికి బొట్టు పెట్టిండ్రు. నన్ను పిలువలే."