సున్నా గీత రావాల్సిన చోట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. నా భయమల్లా లూజ్ కాంటాక్టులంటేనే. మార్కాపురం దగ్గర ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చెప్తాను. తెర మీద ఏ పిచ్చి గీత కనిపించినా దాని వెనక ఒక కారణం ఉండి తీరుతుందని పిల్లల్ని విసిగించేదాన్ని.

ఆ సెమిస్టర్‌లో, చిన్న సంకేతాన్ని పెద్దది చేసే ఆప్-ఆంప్ చిప్పులతో, గుండె కొట్టుకోవడం తెర మీద చూపించే సర్క్యూట్ కట్టించాను. రెండు తీగలు ఒంటికి అంటిస్తాం. ఆ రెండింటి మధ్య ఉండే చిటికెడు వోల్టేజీ తేడాను సర్క్యూట్ పెద్దది చేసి గీతగా చూపిస్తుంది. రెండింటిలో ఒకేలా ఉన్నదాన్ని తీసేస్తుంది. నడిచేది చిన్న బ్యాటరీల మీద.

మా నాయన కొనకనమిట్ల నుంచి ఏదో పని మీద వచ్చి, నన్ను చూసిపోదామని ల్యాబ్‌కి వచ్చాడు. పట్టుకుని కూర్చోబెట్టి తీగలు అంటించాను.

"కరెంటు కొట్టదు గదా తల్లీ?" అని ఒకటే నవ్వు.

నాకు నవ్వు రాలేదు. ఆయన గీత రెండుసార్లు గబగబా లేచి, ఆపైన చాలాసేపు తిన్నగా పడుకుంటోంది. మళ్లీ రెండు, మళ్లీ ఆగడం. డాక్టరు దగ్గరికి పోదామంటే, "కంది కోతలైనాక పోదాంలే" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి వారం, మధ్యాహ్నం క్లాసు. మనిషికి తగిలించే ముందు సున్నా చూసుకోవడం నేర్పుతున్నాను. రెండు తీగలూ కలిపి గ్రౌండ్ చేస్తే తేడా ఉండదు కాబట్టి తిన్నని గీత రావాలి. నా చేత్తోనే కలిపాను.

గీత లేచింది. గబగబా రెండు. ఆగింది. మళ్లీ రెండు.

తీగలు మార్చాను. బ్యాటరీ తీసి, చిప్పు మార్చి, మళ్లీ పెట్టాను. అదే గీత. ఎవరి ఒంటికీ ఏ తీగా లేదు. మా తెర పాతది, ముందు వచ్చిన గీతలు దాచుకుని మళ్లీ చూపించే రకం కాదు.

"ఇది ఎవరిది మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. చూస్తుండగానే ఆ ఆగడం అంతకంతకూ పొడవైంది.

బయటికి పరిగెత్తి అమ్మకు ఫోన్ చేశాను.

"మీ నాయన ఇప్పుడే తిని పండుకున్నాడు. ఏందే?" అంది.

లేపమని అరిచాను. కాసేపటికి అమ్మ కేక వినిపించింది. "యేసయ్యా, లేయడం లేదే!"

ఆటోలో మార్కాపురం తెచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. గుండెకు పేస్‌మేకర్ యంత్రం పెట్టించాం. నాయన ఇప్పుడు బాగానే తిరుగుతున్నాడు.

అది దేవుడి పనేనని అమ్మకైతే ఏ అనుమానమూ లేదు. చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నన్నూ చెప్పమంది కానీ నేను ల్యాబ్‌కే పోయాను. ఆ సర్క్యూట్ మళ్లీ అలాగే కట్టి చూశాను. ఫ్యాన్లు, సెల్‌ఫోన్లు, పక్క బల్లల మీది సర్క్యూట్లు, అన్నీ అనుమానించాను. ఎప్పుడు చూసినా తిన్నని గీతే.

"ఆ పొద్దు నీకెవురు చెప్పినారు తల్లీ?" అని నాయన అప్పుడప్పుడు అడుగుతుంటాడు.

ఇన్‌పుట్ లేకుండా అవుట్‌పుట్ రాదని ఇప్పటికీ పాఠం చెప్తున్నాను. ఆ మాట దగ్గర మాత్రం పిల్లల ముఖాలు చూడలేక బోర్డు వైపు తిరిగిపోతాను.