దిబ్బ మీద నా పొద

నిన్న మధ్యాహ్నం పలాసలో మా ఎదురింటి పునాది నింపడానికి ఒక ట్రాక్టరు ఇసుక దింపారు. వీధిలో ఇసుక పడితే చీపురు పట్టుకుని గొడవకి బయల్దేరడం నా అలవాటు. ముప్పై ఏళ్లు బడిలో పంతులమ్మగా అరిచి రిటైరైనదాన్ని, అరవడానికి రోజుకో వంక కావాలి. కానీ నిన్న చీపురు పక్కన పడేసి ఆ కుప్ప దగ్గర వంగాను. ఆ కుప్పలోంచి మొగలి వేరు ముక్క ఒకటి, పీచు లేచిన తాడులా బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఏటి ఇసుకలో మొగలి వేరు ఉండదు. అది మా ఊరి దిబ్బ. ఇంకా మోస్తూనే ఉన్నారన్నమాట.

మా ఊరు వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రం ఒడ్డున. ఊరికీ నీటికీ మధ్య మేడంత ఎత్తు ఇసుక దిబ్బ, దాని నిండా మొగలి పొదలు, నెత్తిన ఒంటి తాడిచెట్టు. వేటకెళ్లిన పడవలకి ఆ తాడిచెట్టూ, దాని వెనక మహేంద్రగిరీ ఒకే గీతలోకి వచ్చాయంటే ఇల్లు చేరినట్టే. పొదలు పూసే రోజుల్లో ఆ వాసన ఎండుచేపల వాసనతో కుస్తీ పట్టేది. ఏది గెలుస్తుందో గాలిని బట్టి ఉండేది. ఒక పెద్ద తుఫానులో మా కొబ్బరితోట సగం నేలకొరిగింది గాని, దిబ్బ వెనకున్న ఒక్క ఇంట్లోకీ సముద్రం రాలేదు.

ఆ పొదలు వాటంతట అవి మొలిచినవి కావు. చేపలవాళ్ల ఇళ్లలోకి కొత్త కోడలు వస్తే మూడోనాడు దిబ్బ మీద ఒక మొగలి కొమ్మ నాటాలి. అది బతికేదాకా నీళ్లు మొయ్యాలి. ఆ తర్వాత అది ఆమె పొద, ఆమె పేరుతోనే పిలుస్తారు. ఎవరూ కొమ్మ విరవరు, దోసెడు ఇసుక తియ్యరు. ఒకసారి ఒకాయన అరుగు నింపుకోడానికి నాలుగు గంపలు తెచ్చుకుంటే, ఆడవాళ్లంతా కలిసి ఆయన చేతే తిరిగి మోయించారు. గంప నెత్తికెత్తింది ఆయన పెళ్లామే.

మా పుట్టింటికి చేపలు తెచ్చే అత్త ఒకావిడ ఉంది. అత్తంటే చుట్టరికం కాదు, పిలుపు. నాకు అరవై దాటినా ఆవిడకి నేను పాపనే. మాది కొబ్బరితోటల ఇల్లు, మాకా ఆచారం లేదు. అయినా నా పెళ్లి కుదిరిన వారంలో నన్ను దిబ్బెక్కించి, “నువ్వెల్లిపోయినా నీ పొద ఇక్కడుంటాది. మా కోడళ్లతో పాటు నీదీ ఒకటుండాల” అని కొమ్మ నాటించింది. నీళ్లు మాత్రం ఆవిడే మోసింది. నేను సెలవులకి వెళ్లినప్పుడల్లా ఆ వీధి ఆడవాళ్లని కూర్చోబెట్టి అక్షరాలు చెప్పేదాన్ని. అత్తకి రెండు పేర్లు చదవడమే వచ్చింది, తనదీ నాదీ. ఒక్క మాట మాత్రం అందరిచేతా వల్లె వేయించాను: చదవకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యొద్దు.

కాగితాల్లో ఆ దిబ్బ మా తాతది. ఆయన ఇచ్చిన మాట ప్రకారం ఆ చేపలవాళ్లది. మా నాన్న కూడా ఆ మాట దాటలేదు.

పోయిన వేసవిలో తమ్ముడు వచ్చాడు. జీడిపప్పు వ్యాపారం, ఎన్నికలొస్తే తెల్లచొక్కా. “నాన్న పేరు మీదున్న తోట మన పేర్లకి మార్చాలక్కా. ఇక్కడో సంతకం పెట్టు” అన్నాడు. స్టౌ మీద పాలు పెట్టి ఉన్నాను. ఎదురుగా ఉన్నది నేను చంకనెత్తుకు పెంచిన తమ్ముడు. సంతకం పెట్టేసి పాలు దించడానికి పరిగెత్తాను. పైగా కాఫీ కలిపిచ్చాను.

ఆ కాగితంలో ఉన్నది తోట ఒక్కటే కాదు, దిబ్బ కూడా. దాన్ని చదును చేసి ఇసుక అమ్ముకుని, ఆ చోట చెరువులు తవ్వుకునే రొయ్యల వాళ్లకి రాసిచ్చేశాడు. యంత్రాలు వచ్చిన రోజు ఆడవాళ్లు ఎవరి పొద దగ్గర వాళ్లు నిలబడ్డారట. మీ కాగితాలేవంటే పొదలు చూపించారట. అత్త తన పొదని మనవరాలికి అప్పగించి నా పొద దగ్గర నిలబడింది. “ఇది పాపది. పాప సదువుకున్నాది. ఆ పిల్ల సంతకం నేకుండా ఎవులూ దీన్ని ముట్టలేరు” అందట. అప్పుడు వాళ్లు కాగితం తీసి చూపించారు. తెలుగులో, గుండ్రంగా, నా సంతకం. అత్త ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుని, పక్కకి జరిగిందట.

ఊరి నుంచి ఈ కబురు అందగానే తమ్ముడికి ఫోన్ చేసి, పుట్టి ఎన్నడూ అనని మాటలన్నీ అన్నాను. “పలాసలో ఉన్నదానివి, ఆ ఇసకతో నీకేటి పనక్కా?” అన్నాడు. వాణ్ణి క్షమించలేదు. ఆ ఉద్దేశం కూడా లేదు.

మర్నాడే ఊరెళ్లాను. అత్త వాకిట్లో చేపలు ఎండేస్తోంది.

“ఆ సంతకం నీదేనా పాపా?”

నాదేనన్నాను.

“సదివే ఎట్టినావా?”

చదివానని చెబితే ద్రోహిని. లేదంటే, ఇన్నేళ్లూ వాళ్లకి చెప్పిన పాఠం నాకే రానట్టు. లేదన్నాను.

“మాకు సెప్పినావు గదా పాపా” అంది. అంతే, చేపలు తిరగేసుకుంది. తిట్టినా బాగుండేది.

నిన్నటి వేరు ముక్కని తెచ్చి కుండీలో పెట్టాను. వేరు ముక్కతో మొగలి బతకదు, కొమ్మ ఉండాలి, తెలిసే పెట్టాను. ఆ దిబ్బ అంత పచ్చగా కమ్ముకోవడానికి ఎన్ని తరాల కోడళ్లు నీళ్లు మోశారో అత్తకి కూడా తెలియదు. నా సంతకానికి మాత్రం పాలు పొంగేంత సేపైనా పట్టలేదు.